తాడు ఆగిన చోటు

1981లో మల్కాపురంలో ఒక పెంకుటింటి ముందుగదిలో ట్యుటోరియల్ నడిపేవాణ్ణి. భార్య పోయి రెండో ఏడు. బజారులో కొత్త ట్యుటోరియల్ తెరిచాక పిల్లలంతా అటే పోయారు. నాకు మిగిలింది అప్పలరాజు ఒక్కడే. ముప్పై దాటినవాడు, రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద కలాసీ. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పి చదువు మానేశాడు. ఇప్పుడది గట్టెక్కితే ట్రైనింగుకు మద్రాసు పంపుతామన్నారట. అతను పాసవ్వాలని నాకుండేది. పాసైతే సాయంత్రం నాతో మాట్లాడే మనిషి ఉండడన్న భయమూ ఉండేది.

ప్రతిసారీ ఒక్కచోటే బోల్తాపడేవాడు. ప్రాజెక్టైల్, అంటే ఏటవాలుగా విసిరిన వస్తువు, అన్నిటికన్నా పైఎత్తుకు చేరిన క్షణాన దాని వేగమెంత అంటే సున్నా అని రాసేవాడు.

"ఎత్తును కాలంతో డిఫరెన్షియేట్ చెయ్యి. ఆ క్షణాన ఎత్తు ఎంత జోరుగా మారుతోందో తెలుస్తుంది. సున్నా వచ్చిందా? ఇప్పుడు ముందుకు పోయిన దూరాన్ని చెయ్యి" అన్నాను.

చేశాడు. సున్నా రాలేదు. విసిరినప్పుడు ముందుకున్న వేగం అలాగే ఉంది. పెన్ను కింద పెట్టేశాడు.

"లెక్క ఏటి సెప్పినా సెప్పనీండి మాస్టారూ. నాను రోజూ తాడు ఇసుర్తన్నాను. పైకెల్లి ఆగిపోద్ది. నా కళ్ళతో సూత్తన్నాను గదా!"

టగ్గు ఒడ్డుకు చేరుతుంటే, కొసన బరువు ముడి వేసిన సన్నతాడును గట్టుమీది వాళ్ళకు విసరడం అతని పని. నాకు ఒళ్ళు మండింది. "పద, చూద్దాం" అని లేచాను.

ఫిషింగ్ హార్బరు గట్టు మీద అతని తోటి కలాసీ చేత తాడు విసిరించి, అప్పలరాజును బాగా దూరంగా, పక్కన నిలబెట్టాను. ముడి లేచింది. పైకంటా చేరింది. అక్కడా ముందుకే పోయింది.

"ఓర్నాయనో! ఆగనేదు మాస్టారూ! ఎల్తానే ఉంది!"

"ఎప్పుడూ తాడు వెనకే నిలబడ్డావురా. వెనకనుంచి చూస్తే లేవడం, పడటం తప్ప ముందుకు పోవడం ఆనదు" అన్నాను.

పరీక్ష గట్టెక్కాడు. మిఠాయి పొట్లం చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి, మద్రాసు రైలెక్కాడు. మర్నాడు సాయంత్రం అలవాటుకొద్దీ లైటు వేసి, బల్ల తుడిచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఏడుపొచ్చింది.

తర్వాత మళ్ళీ పిల్లలొచ్చారు. ఎవరు ఏ లెక్క తప్పినా, వాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడో ముందు కనుక్కుంటాను. అప్పలరాజు నేర్పిన పాఠమది. నా భార్య పోయిన రోజునే అంతా ఆగిపోయిందని నాకూ అనిపిస్తుంది. చెయ్యి పట్టుకుని పక్కన నిలబెట్టడానికి నాకు ఏ మాస్టారూ లేడు.