నాయుడు గారు ఎక్కించిన తప్పు కొండ

నిన్న ఆఫీసు గదిలోకి అడుగు పెట్టగానే సీతాఫలం వాసన గుప్పుమంది. మా అటెండరు శృంగవరపుకోట సంతలో కొన్న కాయలు బల్ల కింద మగ్గబెట్టాడట. ఆ వాసన ఎప్పుడు తగిలినా నాకు సన్యాసినాయుడు గారు గుర్తొస్తారు. నేను సర్వేయరుగా చేరిన కొత్తలో ఆయన మా మండల సర్వేయరు, నా పై అధికారి. ముప్పై ఏళ్లు పొలాలు కొలిచి కొలిచి, ఎక్కడ నడిచినా అడుగులు లెక్కపెట్టే అలవాటు పట్టుకుంది ఆయనకి. పెళ్లికి వెళ్లొస్తే వంటలెలా ఉన్నాయో చెప్పేవారు కాదు, పందిరి నుంచి భోజనాల బల్ల దాకా ఎన్ని అడుగులో చెప్పేవారు.

కార్తీకంలో ఒక ఆదివారం నలుగురం కొండెక్కడానికి బయలుదేరాం. ఆయన, నేను, నాతోపాటే ఉద్యోగంలో చేరిన నా స్నేహితులు సుజాత, పైడిరాజు. శిఖరం మీద ఒక జెండా ఉంటుందని, అక్కడి నుంచి మా మండలమంతా పటం పరిచినట్టు కనబడుతుందని ఆయన వారం రోజులుగా ఊరిస్తున్నారు. నాకు మాత్రం ఏ హుషారూ లేదు. ఆ వారంలోనే గౌరమ్మ అనే రైతు పొలం హద్దు కొలిచాను. ఎప్పుడో పక్కకు జరిగిపోయిన హద్దురాయిని అసలు రాయి అనుకుని, అక్కడి నుంచి కొలత గొలుసు వేశాను. నా పుణ్యమా అని ఆమె బావి కాస్తా పక్క రైతు పొలంలోకి వెళ్లిపోయింది. గౌరమ్మ ఎంత మొత్తుకున్నా, పటం అలాగే చెబుతోందన్నాను. ఇంటికొచ్చి లెక్క సరిచూసుకుంటే తప్పు తెలిసింది. చెబితే ఇంకా పర్మనెంటు కాని నా ఉద్యోగం ఏమవుతుందో. చెప్పకపోతే నీళ్లు లేక ఆమె వంగతోట ఎండిపోతుంది. మూడు రోజులుగా ఈ బరువు మోస్తూ తిరుగుతున్నాను.

కొండ మొదట్లోనే దారి రెండుగా చీలింది. పైడిరాజు ఫోను చూసి ఎడమవైపన్నాడు.

"ఒరే, ముప్పై ఏళ్లుగా ఈ కొండల సుట్టూ తిరుగుతన్నాను. నాకు ఫోను సెప్తాదేటి దారి?" అంటూ నాయుడు గారు కుడివైపు నడిచారు.

తమాషా ఏమిటంటే, మా గ్రామపటాల్లో కొండకు చుట్టూ అంచు మాత్రమే గీస్తారు. లోపల ఏముందో ఎవరూ కొలవరు. ముప్పై ఏళ్లూ ఆయన తిరిగింది ఆ అంచు వెంబడేనని మాకెవరికీ తట్టలేదు. సీతాఫలం పొదల మధ్య నుంచి ఎక్కుతూ, దొరికిన పండునల్లా చీల్చుకు తింటూ, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకుంటూ పోయాం. మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆయనకు అడుగుల లెక్క తప్పేది. "రెండువేల నాలుగొందలకాడ మాటాడీసినావు, పాడుసేసినావు గదే" అని సుజాతని కసిరి, అందాజాగా ఒక అంకె వేసుకుని మళ్లీ నడిచేవారు.

మధ్యాహ్నానికి శిఖరం చేరాం. జెండా లేదు. గాలికి ఎగిరిపోయి ఉంటుందన్నారు నాయుడు గారు. కర్ర కూడా ఎగిరిపోయిందా సార్ అని సుజాత అడిగింది. పైడిరాజు చెయ్యి చాచి చూపించాడు. లోయకు అవతల, మేమున్న కొండను మించిన మరో కొండ. దాని నెత్తిన జెండా హాయిగా ఎగురుతోంది.

ఆయన కాసేపు కళ్లు చిట్లించుకుని చూశారు. తర్వాత బండ మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు.

"తప్పు కొండెక్కించీసినానురా. నువ్వు సెప్తే ఇనలేదు. తప్పు నాదే."

"పోనీండి సార్, ఇక్కడే ఫొటో దిగి ఆ కొండే అందాం. ఎవులికి తెలస్తాది?" అన్నాడు పైడిరాజు.

"ఫొటో దిగుదాం. ఎక్కింది మాత్రం ఈ తప్పు కొండేనని సెప్దాం" అని ఆయన పులిహోర డబ్బా మూత తీశారు.

కింద టీ కొట్టు దగ్గర మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టారు. "ఇన్నావేటి బావా, సర్వేయర్ని నేను. కొండ తప్పీసినాను." కొట్టతను, బల్ల మీద కూర్చున్న రైతులు పడీపడీ నవ్వారు. అందులో ఒకాయన, "మా పొలం కొలిసింది నువ్వే గదా. ఓపాలి సూసుకోవాలి అయితే" అన్నాడు. "సూసుకో. తేడా ఉంటే కబురెట్టు, వస్తాను" అని నాయుడు గారు టీ ఊదుకుని తాగారు. ఆయనకేమీ కాలేదు. కొట్టతను రెండో టీ కూడా పోశాడు. అది చూస్తూ ఉంటే నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

బళ్ల దగ్గరికి నడుస్తూ ఆయనకి మొత్తం చెప్పేశాను. ఉపన్యాసం ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు.

"ఎంత తేడా?"

"నాలుగున్నర మీటర్లు సార్."

"కాయితాలు పైకి పంపీసినావా?"

"లేదు సార్, నా దగ్గరే ఉన్నాయి."

"రేపు పొద్దున్నే ఎల్దాం. గౌరమ్మకి నువ్వే సెప్పాలి. నేను పక్కనుంటాను గానీ నోరిప్పను."

మర్నాడు గౌరమ్మ వాకిట్లో, పక్క రైతుని కూడా పిలిపించి, తప్పు నాదని చెప్పాను. గౌరమ్మ పావుగంట తిట్టింది. "ఆ బావి మా అయ్య తవ్వినాడు. కాయితం సూపించి నాది కాదంటావేటి?" అంది. నాయుడు గారు అన్నమాట ప్రకారం నోరు విప్పలేదు. చూరు వైపు చూస్తూ నిలబడ్డారు. తిట్లు అయ్యాక గౌరమ్మ కొంగు నడుముకి బిగించి, గొలుసు రెండో కొస తనే పట్టుకుని, "పద, ఈపాలి నాను సూస్తాను" అంది. పక్క రైతు కాస్త సణిగాడు గానీ, అసలు రాయి బయటపడ్డాక కాదనలేకపోయాడు. బావి ఆమెకు వచ్చేసింది. జరిగిన పొరపాటును రిపోర్టులో నా చేతే రాయించి, కింద నాయుడు గారు సంతకం పెట్టారు. నా ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

ఆయన రిటైరై కోటబొమ్మాళిలో ఉంటున్నారు. ఆ తర్వాత నేను మరో రెండుసార్లు తప్పు కొలిచాను. రెండుసార్లూ రైతు నన్ను వెతుక్కుంటూ రాకముందే నేనే వెళ్లి వాళ్ల వాకిట్లో నిలబడ్డాను. భయం మాత్రం పోలేదు. అయితే తిట్లు పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడటం నాకు వచ్చేసింది.