యాదమ్మ పేరు మీద ఒక ఆపరేషన్

ఉచిత వైద్యం కార్డు పట్టుకొని పట్నం ప్రైవేటు దవాఖానకు పోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పొద్దున్నే బయలుదేరండి. రొట్టె ఇంటి నుంచే కట్టుకోండి, అక్కడ తిండి ధరలు మండిపోతాయి.

మా తోటికోడలు యాదమ్మకు చాలా రోజులుగా రక్తస్రావం ఆగడం లేదు. గర్భసంచిలో గడ్డ ఉంది, సంచి తీసేయాలని చెప్పారు. ఇబ్రహీంపట్నంలో ఏడు గంటల బస్సెక్కాం. రోడ్డుకు రెండు పక్కలా దున్నని చేలు, వాటిలో ప్లాట్ల రాళ్లు. పక్క సీటులో యాచారం నుంచి వస్తున్న ఒకామె కూర్చుంది.

"దవాఖానకా? ఎవరికి బాగలేదు?"

"ఈమెకు."

"నీకేమో అనుకున్న. మొఖం గట్ల పెట్టుకున్నవ్."

యాదమ్మ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదొక్కసారే.

ఎల్బీ నగర్‌లో దిగాక ఆటో దండగన్నాను. నడిచాం. దారిలో ఆమె గోడ పట్టుకొని నిలబడిపోయింది. ఆటో ఎక్కించాల్సింది.

తొమ్మిదికి చీటీ తీసుకుంటే పన్నెండు దాటాక పిలిచారు. డాక్టరు కోస్తా వైపు మనిషి. కంప్యూటర్ చూసి, స్కానింగ్ చూసి, మళ్లీ కంప్యూటర్ చూశాడు.

"గర్భసంచి కనబడుతోందమ్మా. ఈ కార్డు మీద మాత్రం రెండేళ్ల కిందటే తీసేసినట్టు ఉంది."

యాదమ్మ తల వంచుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. రెండేళ్ల కింద ఆమె చెల్లెలు సుగుణ చావు దాకా వెళ్లొచ్చింది. సుగుణకు కార్డు లేదు. అక్కాచెల్లెళ్లది ఒకే ముఖం. యాదమ్మ తన కార్డు ఇస్తే, సుగుణ యాదమ్మ పేరుతో గర్భసంచి ఆపరేషన్ చేయించుకుంది.

"సంచి కండ్ల ముందట కనబడుతుంటే తీస్తే ఏంది సారూ?" అన్నాను.

"ఒకసారి తీసినదానికి సర్కారు మళ్లీ డబ్బివ్వదమ్మా. అది వస్తేనే మాకూ ఫీజు. అప్పుడు చేయించుకుంది వేరే మనిషని రాసివ్వండి, పైకి పంపుతాను. ఎవరని అడుగుతారు మరి, ఆ మనిషి మీద కేసూ పెట్టొచ్చు."

"అప్పుడు చేయించుకున్నది నేనే," అంది యాదమ్మ.

డాక్టరు మందులు రాసి, "సర్కారు దవాఖానకు వెళ్లండి, కార్డు లేకున్నా చేస్తారు. రోజులు పడుతుంది, ఆలస్యం చేయొద్దు," అన్నాడు.

మూడింటికి తిరుగు బస్సు దొరికింది.

"కార్డిచ్చే ముందు నాకొక మాట చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే ఇయ్యనిద్దువా అక్కా?"

ఇవ్వనిచ్చేదాన్ని కాదు. అప్పుడు సుగుణ దక్కేది కాదు.

"సుగుణకు మాత్రం చెప్పకు. తెలిస్తే నా ఆపరేషన్‌కని పుస్తెలు అమ్ముతది," అంది యాదమ్మ.

మీకు చెప్పేది ఒకటే. ఆ కంప్యూటర్‌కు ఒంటి సంగతి తెలియదు, కార్డు సంగతే తెలుసు. మీ కార్డు ఇంకొకరికి ఇవ్వకండి అని రాయాలనే కూర్చున్నాను. రాయడానికి చేయి రావడం లేదు.

బొంగ్లూరు దాటాక సుగుణ ఫోన్ చేసింది. యాదమ్మ ఫోను నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది.

"ఏమన్నరక్కా? ఎప్పుడు చేస్తరట?"

"రక్తం తక్కువున్నదట. ఎక్కిచ్చినంక చేస్తరట," నోటికొచ్చింది చెప్పాను.

"అయితే ఫికర్ ఎందుకు? నాది తీసుకోమను. పొద్దుగాలనే వస్త."

ఆమె ఇంకా అడుగుతూనే ఉంది, ఏ బస్సుకు రావాలని.