గూడబాతుల ఊరి మనిషి

పంతొమ్మిదివందల అరవైల్లో ఒక దీపావళికి ముందురోజు, నెల్లూరు పోయే బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఆయన ఒళ్లో టపాకాయల సంచి ఉంది. పిల్లలకా అని అడిగాను.

"నాకే సార్. మా ఊళ్లో కాల్చకూడదు. చెరువులో చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకోనుండాయి. బెదిరితే లేచిపోతాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లే మా వరికి బలం. అందుకే ఏటా నెల్లూరులో బామ్మర్ది ఇంటికి పోయి కాల్చుకుంటా."

నా దగ్గర ఒక విమానాశ్రయం నమూనా బొమ్మ ఉంది. ఊరి పేరు అడిగితే తెలిసింది, ఆ చెరువు పక్క బయల్లోనే విమానాశ్రయం కట్టాలని అప్పట్లో మా ఇంజనీర్ల ఆఫీసు ఆలోచన. గాజు గోడలూ, విమానాలకు దారి చెప్పే పొడవాటి బురుజూ ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి బాగుందన్నాడు.

"విమానాలు దిగేటప్పుడు మోత చేస్తాయా?"

"టపాకాయలకంటే చాలా ఎక్కువ," అన్నాను.

ఆయన బొమ్మను జాగ్రత్తగా దాని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు.

"అయితే మీరు కూడా నెల్లూరికే పోయి దించుకోండి సార్."

ఆ గొంతులో కోపం లేదు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడికి పద్ధతి చెప్పినట్టు చెప్పాడు.

విమానాశ్రయం అక్కడికి రాలేదు. కారణాలు వేరు. దీపావళినాడు మా వీధిలో తొలి టపాకాయ పేలినప్పుడు మాత్రం, నా చూపు ముందుగా చెట్ల మీదికి పోతుంది.