కొండకు అగ్గి పెట్టిన పూట

సోమందేపల్లె దగ్గర లారీ దిగేటప్పటికి పొద్దున పదకొండు. శ్రావణమాసం, ఆకాశంలో మబ్బు తునక లేదు. భుజాన కిట్ బ్యాగు, చేతిలో ఇనప్పెట్టె, జేబులో పోస్టింగు కాగితం. సరిహద్దుకు పంపుతారని మూడేళ్లు ఎదురుచూస్తే, సరిగ్గా మా ఊరి హద్దుకే పంపారు. కొడుకు వైమానిక దళంలో చేరి దేశాలు దాటి ఎగురుతాడని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది. నేనేమో ఎగిరి ఎగిరి ఇంటికి ఆరు మైళ్ల దూరంలో వాలాను.

ఆ చోటును బాంబింగ్ రేంజి అనేవారు. తూర్పున యుద్ధం తప్పదని అందరికీ తెలిసిపోయిన రోజులు. బాంబర్లు నడిపేవాళ్లకు గురి కుదరాలంటే ఖాళీ నేల కావాలి. మా జిల్లాలో ఖాళీకి ఎప్పుడూ కరువు లేదు. ఎర్రనేల, కంపచెట్లు, నడుమ సున్నంతో గీసిన పెద్ద వలయం. దానికి మైలు దూరంలో ఉత్తరాన ఒక టవరు, పడమట ఒక టవరు. వలయానికి తూర్పున రెండున్నర మైళ్లలో కొండ. ఆ కొండ అవతలి పక్క మా పల్లె.

ఉత్తరం టవరులో రేడియోతో నేను. పడమటి టవరులో సార్జెంటు. విమానం చిన్న ప్రాక్టీసు బాంబు వేస్తుంది. పడిన చోట తెల్లటి పొగ లేస్తుంది. ఇద్దరం రెండు వైపుల నుంచి కోణం చూసి, వలయం నడిమికి ఎన్ని గజాల దూరంలో పడిందో లెక్కకట్టి విమానానికి చెబుతాం. వారానికోసారి వలయానికి మళ్లీ సున్నం పూయాలి. యుద్ధకాలంలో ఏం చేశావని ఎవరైనా అడిగితే నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటే. సున్నం కొట్టాను.

రోజూ ఎనిమిదికి ఒక బాంబరు వచ్చేది. రెండు ఇంజన్లు, ఇద్దరు మనుషులు. పైలెట్ ఉత్తరాది మనిషి, మాట తక్కువ. నావిగేటర్ గుంటూరు వైపు మనిషి, ఆ తక్కువంతా ఆయన పూడ్చేవాడు. రూలు ప్రకారం రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలి. చివరి బాంబు పడ్డాక ఆయన రూలు కూడా పడేసేవాడు.

“ఏమండీ సీమ గారూ, ఇవాళైనా మీ ఊళ్లో వానుందా?”

“బాంబులు తప్ప యేమీ పడవు సార్.”

ఒకసారి ఇద్దరూ జీపులో మా క్యాంపుకు వచ్చారు. తాము వేసే బాంబులు నేల మీది నుంచి ఎలా కనిపిస్తాయో చూడాలట. మా వంటాయన రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టాడు. నావిగేటర్ సంగటి ముద్దను చేతిలో తూకం వేసి, దీన్ని వలయంలో వేస్తే గుంట పడుతుందన్నాడు. అంటూనే రెండు ముద్దలు తిన్నాడు. పైలెట్ ఆ వేళకు ఎండలో వలయం చుట్టూ అడుగులు కొలుస్తున్నాడు. తిరిగొచ్చి, తూర్పు పక్క గీత ఒక అడుగు బయటికి పోయిందని హిందీలో నాకు చెప్పాడు. నేను గాలి మీదికి నెట్టాను. గాలికి సున్నం కొట్టుకుపోయిందన్నాను. ఆయన నవ్వి, సున్నపు గంప తానే ఎత్తుకుని నాతో పాటు నడిచి ఆ గీత సరిచేశాడు. “ఇక్కడ అడుగు తేడా వస్తే సున్నం దండగ. అక్కడ తేడా వస్తే మనుషులు పోతారు” అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాట అదే.

ఆ ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. వరుసగా మూడో ఏడు. విత్తిన చెనిక్కాయ మొలక మీదే మాడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికి పోతే నాయన గడపలో కూర్చుని ఉన్నాడు. మంగళవారం కొండకు అగ్గి పెట్టాలని పల్లె పెద్దలు అనుకున్నారట. మా వైపు అదొక నమ్మకం. వానలు లేని ఏడు పల్లెంతా ఒక్కపొద్దుండి కొండెక్కుతుంది. ఎండిన బోదగడ్డికి నిప్పు పెడుతుంది. ఆ పొగ పైకి పోయి మబ్బును పిలుచుకొస్తుందంటారు.

“ఈతూరి నా చేత్తో పెట్టమన్నార్రా” అన్నాడు నాయన. జీవితంలో ఆయనకు దక్కిన పదవి అదొక్కటే.

నేను చేయవలసిన పని చాలా చిన్నది. రేంజి ఆఫీసరుకు ఒక మాట చెప్పాలి. చెబితే ఆయన పోలీసులను పంపి కొండెక్కకుండా ఆపుతాడు. మూడేళ్ల కరువు మీద, మా నాయన చేతిలోని అగ్గిపెట్టెను నేను లాక్కున్నట్టు అవుతుంది. అందుకని తెలివిగా ఇంకో దారి వెతికాను.

“నాయనా, ఎనిమిదికి విమానం వస్తాది. తొమ్మిదికంతా పోతాది. పది దాటినాక పెట్టండి.”

“మాకు గడియారం యాడుందిరా? పొద్దు జూసి పెడ్తాం.”

నా చేతి వాచీ విప్పి ఆయన చేతికి కట్టాను. చిన్నముల్లు పది మీదికి, పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా పుల్ల గీయొద్దని రెండుసార్లు చెప్పాను. “సరేలే మిలిట్రీ దొరా” అని నవ్వాడు.

మంగళవారం ఆరూ పదిహేనుకు వాతావరణం రిపోర్టు పంపాను. పడమటి గాలి. చూపు ఎనిమిది మైళ్లు. ఎనిమిదికి విమానం రాలేదు. ఎనిమిదీ ఐదుకు మెసేజి: ఇంజన్ చూస్తున్నారు, ఆలస్యం. తొమ్మిదీ పదికి ఇంకో మెసేజి: బయలుదేరుతుంది. అప్పుడైనా ఆఫీసరుకు చెప్పి ఉండాల్సింది. కొండకు మనిషిని పంపుదామా అనుకున్నాను. సైకిలు పడమటి టవరు దగ్గర ఉంది. ఎందుకని సార్జెంటు అడుగుతాడు. అనుకుంటూ కూర్చున్నాను.

తొమ్మిదీ యాభై రెండుకు విమానం వచ్చింది. మూడు చుట్లు, మూడు బాంబులు. ఉత్తరం నుంచి వచ్చి బాంబు వేసి, ఎడమకు తిరిగి, కొండకు ఇవతలగా చుట్టి మళ్లీ రావాలి. మొదటి బాంబు నడిమికి పన్నెండు గజాల్లో పడింది. పది గంటలకు, టవరు గడియారంలో సరిగ్గా పది గంటలకు, కొండ మీద పొగ లేచింది. నాయన నిమిషం తేడా రానివ్వలేదు.

పొగ గాలి వాటున కొండ అవతలికే పోయింది. రెండో బాంబు పడింది. అప్పుడు రేడియోలో నావిగేటర్ గొంతు, మొదటిసారి బాంబులు అయిపోకముందే తెలుగులో.

“ఏమండీ, కొండ మీద ఆ పొగేంటి?”

రేంజిలో ఒక పద్ధతి ఉంది. ఏ చిన్న అనుమానం వచ్చినా టవరులో ఉన్నవాడు ఆపమని మూడుసార్లు అనాలి. అంటే విమానం ఎక్కడున్నా పైకి లేచి వెళ్లిపోతుంది. ఎందుకన్నావని తర్వాత అడుగుతారు. ఆ అడగడానికే నేను భయపడ్డాను.

“బోదగడ్డి సార్. మావోళ్లే కాలుస్తాండారు. ఏం కాదు.”

“సరే మరి” అన్నాడు.

మూడో చుట్టుకు విమానం ఎడమకు తిరిగింది. అప్పుడు గాలి ఆగింది. టవరు మీది జెండా గుడ్డ కర్రకు వేలాడింది. మళ్లీ లేచేటప్పటికి తూర్పు నుంచి లేచింది. వానకు ముందు గాలి అలా తిరుగుతుంది. గుంటూరాయనకు తెలియక్కరలేదు. ఆ నేలలో పుట్టిన నాకు తెలియాలి. పొగంతా కొండ దిగి ఇవతలికి పొర్లింది. కొండ కనబడలేదు. విమానం పొగలోకి పోయింది. ఆపమని అప్పుడు అన్నాను, మూడు కాదు, ఎన్నోసార్లు. పది దాటి తొమ్మిది నిమిషాలకు చప్పుడు వినబడింది.

పదకొండూ నలభైకి సార్జెంటు, నేను, వంటాయన కొండెక్కాం. పల్లెవాళ్లు ఇంకో పక్కనే ఉండటంతో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇద్దరినీ రెండు టార్పాలిన్లలో దించాం. మోస్తుంటే బరువనిపించలేదు. ఇంతకు మించి రాయలేను.

విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు. గుడారంలో బల్ల వేసుకుని కూర్చున్నారు. అగ్గి పెడతారన్న సంగతి నీకు ముందే తెలుసా అని అడిగారు.

“తెలీదు సార్.”

పొగ గురించి విమానంతో ఏమన్నావని అడిగారు. గడ్డి కాలుతోందని చెప్పానన్నాను. మావోళ్లే అన్నదీ, ఏం కాదన్నదీ మింగేశాను. మా నాయన పేరు ఎవరూ ఎత్తలేదు. పశువుల కాపరులు పెట్టిన మంట అనుకున్నారు. పైలెట్ హద్దు దాటి కొండకు మరీ దగ్గరగా తిరిగాడనీ, తప్పు అతనిదేననీ రాసుకుపోయారు. సున్నపు గీతలో ఒక్క అడుగు తేడాను ఓర్చుకోలేని మనిషి మీద ఆ మాట పడింది. ఆయన ఇంటికి పోయిన కాగితంలోనూ అదే ఉండి ఉంటుంది.

యాభై ఏళ్లు దాటింది. నాయన పోయి ముప్పై ఏళ్లు. ప్రతి ఏడూ బడిలో నాచేత జెండా ఎగరేయించి, యుద్ధం సంగతులు చెప్పమంటారు. సంగటి ముద్ద కథ చెప్పి నవ్వించి దిగేస్తాను. మొన్న పల్లెవాళ్లు వచ్చి, కొండ మీద ఆ ఇద్దరికీ రాయి నిలబెడతామనీ, రాయి మీద ఏం రాయాలో నన్నే చెప్పమనీ అన్నారు. ఇద్దరి పేర్లు చెప్పాను. కింద ఇంకొక వరుస రాయమన్నాను: పైలెట్ తప్పు లేదు. “నీకెట్ల తెలుసు తాతా?” అన్నారు. అందుకని ఇదంతా రాశాను. చదివాక వాళ్లు నన్ను జెండా దగ్గరికి పిలవకపోతే అది న్యాయమే.

ఆనాడు విచారణ ముగిశాక నాకు పది రోజులు సెలవిచ్చారు. అప్పటికి వాన పడింది. ప్రమాదం జరిగిన మరునాడు మొదలై మూడు రోజులు కురిసింది. అగ్గి పని చేసిందని పల్లెంతా చెప్పుకుంటోంది. ఇంటికి పోతే నాయన నా ముఖం చూడకుండా వాచీ తెచ్చి ఇచ్చాడు.

“నువ్వు చెప్పిన టయానికే పెట్టినా గదరా.”

“ఔ నాయనా.”

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మా మధ్య ఆ సంగతి రాలేదు.

మరునాడు పొద్దున గొర్రెలు తోలుకుని ఆయన కొండకు పోయాడు. కాసేపాగి నేనూ వెనకాలే పోయాను. కాలిన నేల మీద అప్పుడే పచ్చిక మొలుస్తోంది. విమానం దున్నుకుంటూ పోయిన చోట ముప్పై గజాల పొడవున చాలు పడింది. అందులో నిండా వాననీళ్లు నిలిచాయి. మూడేళ్లుగా చెలమల్లో బురద నాకిన గొర్రెలు ఆ నీళ్లకు ఎగబడుతున్నాయి. నాయన గట్టు మీద నిలబడి కట్టె అడ్డం పెట్టి వాటిని వెనక్కి తోలుతున్నాడు. ఒకటి ఇటు నుంచి వస్తే ఇటు పరిగెత్తుతాడు, ఇంకొకటి అటు నుంచి వస్తే అటు పరిగెత్తుతాడు. ఆయన నోట అరుపు లేదు, అదిలింపు లేదు. ఆ నీళ్లలో ఒక్క గొర్రెనూ మూతి పెట్టనివ్వలేదు.