నాగరత్నక్క బుట్టలు

మొన్న ఉదయం పక్కింటి కిటికీలోంచి వావిలాకు వేసి కాచిన నీళ్ళ వాసన వచ్చింది. ఆ ఇంటి కోడలు ప్రసవించి వారమైంది. గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు నీళ్ళలో అలాగే ఉంచి నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు మా అమ్మ గుర్తు రాదు, అత్త గుర్తు రాదు. ధర్మవరంలో మా ఎదురింటి నాగరత్నక్క గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో పెళ్ళయి, కదిరి నుంచి ఆ నేతవీధికి కాపురానికి వెళ్ళాను. అక్కకు అప్పటికే తల నెరిసింది. భర్తతో కలిసి పట్టుచీరలు నేసేది. వీధిలో ఎవరింట్లో శుభమైనా ఒక ఈతాకు బుట్ట సర్ది తీసుకెళ్ళేది. అందులో కొన్నవి తక్కువ, చేసినవి ఎక్కువ. మగ్గం మీద మిగిలిన పోగులు పేని, ఆ రంగురంగుల తాడుతో బుట్ట మూతి కట్టేది. వానల్లేక పంటలు పోయి, చీరలు అమ్ముడుపోక మగ్గాలు ఆగిపోయిన రోజుల్లో కూడా ఆమె బుట్టలు ఆగలేదు.

మా వీధి పిల్ల పద్మ అనంతపురం హాస్టల్లో చేరబోతుంటే, నేను బజారులో ఒక స్టీలు డబ్బా చూసొచ్చి అక్కతో చెప్పాను.

"దాంట్లో ఏం పెట్టిస్తావుమే?" అంది.

"ఏమీ లేదక్కా, డబ్బానే."

"ఆకలైతే డబ్బా కొరుక్కుంటాదా ఆ పిల్ల? నువ్వే పద్మ అనుకో. హాస్టల్లో దిగినావు. మొదట ఏం ల్యాక ఏడుస్తావో చెప్పు."

మజ్జిగన్నంలో నంజుకోవడానికి ఏమీ ఉండదన్నాను. గుండీ ఊడితే కుట్టుకోవడానికి సూది ఉండదన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం శనక్కాయల పొడి దంచాం. పాత గాజు సీసా కడిగి ఎండబెట్టి నిమ్మకాయ ఊరగాయ నింపాం. అగ్గిపెట్టెలో సూది, దారం, నాలుగు గుండీలు సర్దాం. దసరా సెలవులకు వచ్చిన పద్మ పరుగున అక్క దగ్గరికే వెళ్ళింది. "ఊరగాయంతా వారంలో అందరూ నాకేసినారక్కా! సూది కోసమైతే హాస్టలంతా నా దగ్గరికే వస్తాండారు" అంటూ ఒకటే నవ్వు. ఇవ్వడమంటే ముందు ఆ మనిషి గురించి కాసేపు ఆలోచించడమని నాకు అప్పుడు తెలిసింది. సగమే తెలిసిందని తర్వాత అర్థమైంది.

మరుసటి ఏడు, కాన్పుకు పుట్టింటికి ఇంకా బయల్దేరకముందే, ఎనిమిదో నెలలో నాకు నొప్పులొచ్చాయి. మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మా గడప ఎవరూ తొక్కలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఏం మాట్లాడాలో తెలియక రాలేదంతే. అత్త ఉయ్యాల తీసి అటక మీద పెట్టేసింది. మా ఆయన మగ్గం దిగేవాడు కాదు. నాకేమో పాలు పడి, రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఒళ్ళో బిడ్డ లేనిదాన్ని, ఆ మాట ఎవరితో చెప్పుకోను?

ఒక మధ్యాహ్నం అక్క బుట్ట చంకన పెట్టుకుని వచ్చింది. అత్త గుమ్మంలోనే నిలబడి, "బాలింత బుట్ట ఎందుకు తెచ్చినావు రత్నమ్మా? బిడ్డే ల్యాకపోతే బాలింత యాడుండాది?" అంది. కోపంతో కాదు, అటక మీది ఉయ్యాల వైపు చూస్తూ అంది.

"బిడ్డ ల్యాడని నొప్పులు పడకుండా పోయిందా వదినా? కన్నది కన్నదే. పత్యం పెట్టల్ల, నీళ్ళు పోయల్ల."

అత్త పక్కకు తప్పుకుంది. బుట్టలో సొంఠీ బెల్లం కలిపి కట్టిన ఉండలున్నాయి, వెల్లుల్లి కారం ఉంది, వావిలాకు కట్ట ఉంది. అన్నిటికీ పైన, ఉతికి మడిచిన మెత్తటి పాత నూలుచీర. "పాలు పడింటాయి. ఇది బిగించి కట్టుకో, సలుపు తగ్గుతాది" అని నా చెవి దగ్గర అంది. నేను ఎవరికీ చెప్పని మాట ఆమెకు ఇంట్లో కూర్చునే తెలిసింది. తర్వాత నా పక్కన చాప మీద కూర్చుని, మామూలుగా, ఏ బాలింతనైనా అడిగినట్టే అడిగింది.

"బిడ్డ ఎవరి పోలికమే?"

అంతవరకూ ఎవరూ వాణ్ణి గురించి ఒక్క మాట అడగలేదు. "మా నాయన ముక్కక్కా" అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. గోడకు ఆనుకుని నిలబడ్డ అత్త, "జుట్టు మాత్రం మావోనిదే. ఒత్తుగా ఉన్నింది" అని తనూ ఏడ్చింది. ఆ సాయంత్రం వావిలాకు వేసి నీళ్ళు కాచి, అత్తే నా వీపు రుద్ది పోసింది.

తర్వాత నాకు కూతురు పుట్టింది. మేం అనంతపురం చేరుకున్నాం. నాగరత్నక్క పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేనూ బుట్టలు కడతాను. శుభాలకు ఇచ్చేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి, ఎవరూ తొక్కని గడపలకే ఎక్కువగా వెళ్తాను. నేను ధైర్యం గలదాన్ని కాను. వాకిలి దాకా వెళ్ళి ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరుగుతాను. పోయిన నెల మా కాలనీలో ఒక పెద్దాయన భార్య పోయింది. వారం తర్వాత కాసిని రాగిమురుకులు, కందిపొడి పట్టుకుని వెళ్ళాను. "అమ్మగారి చేతి వంటల్లో మీకేది ఇష్టం సార్?" అని అడిగాను. ఆయన బుట్ట అందుకుని పక్కన పెట్టారు. "పులగం" అన్నారు. తర్వాత లేచి, ఆమె కుర్చీ కాబోలు, దాని మీది బట్టలు తీసేసి నా వైపు జరిపారు.

"కూర్చో తల్లీ, చెప్తాను."