వదిన తోలిన బళ్లు

మా వదిన పోయిన ఆదివారం ఉదయం కన్నుమూసింది. నేను చర్చికి బయలుదేరబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు. "వదిన ఎలిపోనాది రా," అన్నాడు. ఫోన్‌లో వాళ్ల వీధిలో వెళ్తున్న ట్యాంకర్ హారన్ వినిపించింది. "వస్తున్నాను," అని పెట్టేశాను.

ఆమె మీలో ఎవరికీ తెలిసి ఉండదు. మల్కాపురంలో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పేది. జబ్బు చేశాక ఆ వీధిలోవాళ్లు కూడా ఆమెను దాదాపు మరిచిపోయారు. అందుకే రాస్తున్నాను. ఓదార్పు పంచడానికి మాత్రం కాదు. నా దగ్గర అది లేదు.

మా అన్నయ్య పోర్టులో క్రేన్ ఆపరేటర్. అంతెత్తున కూర్చుని ఇనుప ఖనిజం ఎత్తిపోస్తాడు గానీ నేల మీద స్కూటర్ తప్ప ఏదీ నడపలేడు. వదిన అలా కాదు. ఆమె నాన్నగారు, అంటే మా మావయ్య, రైల్వే స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. పెళ్లికి ముందే కూతురికి డ్రైవింగ్ నేర్పి లైసెన్సు ఇప్పించారు. ఆడపిల్లకి ఎందుకు నేర్పావని చుట్టాలు అడిగితే, "అడిగింది, నేర్పాను," అనేవారు. అంతకంటే వివరం ఆయన దగ్గర ఉండేది కాదు.

పెళ్లయిన కొత్తలో మేమంతా ఆ టాక్సీలోనే అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో మావయ్యకి చలిజ్వరం వచ్చింది. దంతాలు టకటకా కొట్టుకుంటుంటే బండి పక్కకి ఆపేశారు. బయట వాన, ముందంతా ఘాట్ రోడ్డు. వదిన పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు విప్పి, స్టీరింగు ముందు కూర్చుంది. వెనక సీట్లో మా అమ్మ కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకుంది. ఒక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. వదిన ఆ ఎత్తు మీదకే బండిని మెల్లగా వెనక్కి నడిపించి దారి ఇచ్చింది. లారీ డ్రైవరు కిటికీలోంచి తొంగిచూసి, "ఏటమ్మా, డ్రైవర్ లేడేటి?" అన్నాడు.

"నానే డ్రైవర్ని. నువ్వెల్లు," అంది.

శృంగవరపుకోట చేరాక అమ్మ కళ్లు తెరిచి, "ప్రభువు కాపాడాడు," అంది. "కాపాడాడు అత్తమ్మా. సెకండ్ గేరు కూడా సాయం సేసింది," అంది వదిన. అమ్మ ముందు కోపంగా చూసింది, తర్వాత నవ్వేసింది. మా ఇంట్లో ఆమెకి స్థానం ఏర్పడింది ఆ రోజే అనుకుంటాను.

కొన్నేళ్లకి నేను ద్వారకా నగర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపులో చేరాను. ఇంటికి ఒక కంప్యూటర్ తెచ్చి, అందులో కార్ల రేసు ఆట వేసి, వదినని పిలిచాను. ఎర్ర కారు, నీలం కారు, పసుపు కారు, ఇంకా బోలెడు. ఆమె ఒక్కొక్కటీ కాసేపు నడిపి చూసి, "ఏటి మరిదీ ఇది? రంగు మారింది గానీ బండి మారలేదు. ఒక్క బండికే ఇన్ని చీరలు కట్టాడు," అంది. తర్వాత కావాలనే గోడకేసి గుద్దింది. కారు బంతిలా ఎగిరి మళ్లీ రోడ్డు మీద పడి పరుగెత్తింది. "గుద్దినా ఏటీ అవదేటి? ఏటీ అవకపోతే భయమెందుకు? భయం లేకపోతే బ్రేకెందుకు?"

ఆ మాట నన్ను చాలా కాలం వదల్లేదు. షాపుకి వచ్చే వాళ్లంతా ఏ ఆటలో ఎన్ని కార్లున్నాయని అడిగేవారు. నేనూ అదే చెప్పి అమ్మేవాణ్ణి. వదిన పరీక్ష వేరు. కొత్త ఆట ఏది తెచ్చినా ఒకే మలుపు ఎంచుకునేది. బండి మార్చి బండితో అదే మలుపు తిరిగేది. కొన్నాళ్లకి వందల కార్లున్న ఆటలు వచ్చాయి. వాటిల్లో దేని బరువు దానిది. కొన్నిటిని ముందు చక్రాలు లాగితే కొన్నిటిని వెనక చక్రాలు తోస్తాయి. అప్పుడు ఆమె మొహం విప్పారింది. "ఇది ముక్కు బరువు బండి. తిప్పినా తిన్నగానే పోతంది. ఇది సూడు, తోక ఇసిరేత్తంది. అమ్మో, దీనితో జాగర్త." మనుషుల గురించి చెప్పినట్టు చెప్పేది. అందరూ అన్నిటికంటే వేగమైన కారు ఎంచుకునే ఆటలో ఆమె బరువైన, నిదానమైన కార్లు ఎంచుకునేది. "బండంటే బరువు రా," అనేది. "బండి ఏటి సెప్తందో ఇను. ఆ తరవాత తిప్పు."

జబ్బు ముందు బడిలో బయటపడింది. చేతిలోంచి సుద్దముక్క జారిపోయేది. ఇంట్లో ఆవకాయ జాడీ మూత తిప్పలేక అన్నయ్యని పిలిచేది. నీరసం అనుకున్నాం. ఒకరోజు అమ్మని కళ్లాసుపత్రి నుంచి తీసుకురావడానికి నేను, వదిన మావయ్య టాక్సీలో వెళ్తున్నాం. గాజువాక దగ్గర ఆమె వేగం తగ్గించి, బండిని పూర్తిగా ఎడమకి తెచ్చి ఆపింది. ఇంజన్ ఆపింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి వేరేవాళ్ల చేతులైనట్టు చూస్తూ కూర్చుంది.

"ఏమైంది వదినా?"

"వేళ్లు మూసుకోడం లేదు. నీకు తోలడం రాదు గదా, దిగి మా నాన్నకి ఫోన్ సెయ్."

మావయ్య ఆటోలో వచ్చారు. ఆమె పక్క సీట్లోకి జరిగింది. ఆ తర్వాత మళ్లీ నిజం కారు స్టీరింగు పట్టుకోలేదు.

డాక్టరు దాచకుండా చెప్పాడు. నరాల జబ్బు. మందు లేదు. కండలు ఒక్కొక్కటే ఉడిగిపోతాయి. "తలకి మాత్రం ఏమీ అవదు," అన్నాడు, అదేదో మంచి వార్త అన్నట్టు. బయటికొచ్చాక వదిన అన్నయ్యతో అంది: "తలకి ఏటీ అవదంటే, అన్నీ తెలుస్తానే ఉంటాయన్నమాట."

అప్పుడు నేను మోటారు ఉన్న స్టీరింగు ఒకటి సంపాదించాను. ఆటలో రోడ్డు గతుకులుంటే అది చేతుల్లో అదురుతుంది. మలుపులో చక్రాలు ఎంత బిగిస్తే అదీ అంత బిగిస్తుంది. వదిన పరీక్ష పేపర్లు దిద్దుకునే బల్లకి దాన్ని బిగించాను. కింద పెడళ్లు పెట్టాను. మొదటి మలుపు తిరిగి ఆమె ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు. "రోడ్డు తెలుస్తంది రా," అంది.

అవి కాస్త మంచి నెలలు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి బల్ల ముందు కూర్చునేది. మావయ్య ఒకరోజు చూడ్డానికి వచ్చారు. స్క్రీన్ మీద కార్ల వరసని ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసి, "ఇన్ని దేశాల బళ్లున్నాయి. మన అంబాసిడర్ లేదేటమ్మా?" అని అడిగారు. "లేదు నాన్నా. దాన్ని తోలే ధైర్యం వాళ్లకి లేదు," అంది. ఆయన నవ్వారు. ఆ ఇంట్లో నేను విన్న ఆఖరి పెద్ద నవ్వు అదే.

తర్వాత చేతులు మరీ ఉడిగిపోయాయి. ఆమెకి ఇష్టమైన పెద్ద బరువైన కారు మలుపులో స్టీరింగుని ఆమె చేతుల్లోంచి లాగేసుకునేది. ఆట అంత నిజంగా ఉండడమే ఆమెకి నచ్చింది. ఆ నిజమే ఇప్పుడు ఎదురు తిరిగింది. "కొంచెం చిన్న బండి పెట్టు," అంది. పెట్టాను. కొన్నాళ్లు నడిచింది. మళ్లీ, "ఇంకా తేలికది ఉందా?" ఉంది. వందల కార్లున్నాయి కదా. పెద్ద కారు నుంచి మధ్యరకానికి, మధ్యరకం నుంచి చిన్నదానికి దిగుతూ వచ్చాం. నేను షాపులో గొప్పగా చెప్పి అమ్మిన ఆ కార్ల వరస ఆమెకి కిందికి దిగే మెట్లయింది. ఆఖరికి ఇద్దరు మాత్రమే పట్టే, అగ్గిపెట్టెలాంటి బుల్లి కారు దగ్గరికి వచ్చాం. షాపుకి వచ్చే వాళ్లు దాన్ని చూసి నవ్వేవారు. వదిన దానితో పందెం ఆడలేదు. ఒక్కతే ఖాళీ రోడ్డు మీద, మెల్లగా, శ్రద్ధగా నడిపేది.

ఆ కారు కూడా ఒక మలుపులో ఆమె చేతుల్లోంచి జారిపోయింది. చేతులు రెండూ బల్ల మీద పడిపోయి ఉన్నాయి. ఆమె వాటిని ఎత్తే ప్రయత్నం చేయలేదు.

"ఇంకా తేలికది ఉందా మరిదీ?"

"లేదు వదినా. ఇదే ఆఖరిది."

తల ఊపింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డ్యూటీ దిగి వచ్చి ఇంకా స్నానం చేయలేదు, ఒంటిమీద ఎర్రటి ఖనిజం దుమ్ము. "ఒరే, అందులో సాయం పెట్టుకోవచ్చు అన్నావు కదా. పెట్టు," అన్నాడు. ఆటలో ఆ సదుపాయం ఉంది. బ్రేకు అదే వేసుకుంటుంది, మలుపు అదే తిరుగుతుంది. ఇన్నాళ్లూ వదిన దాన్ని ముట్టుకోనివ్వలేదు.

"వద్దు," అంది.

"ఏటి వద్దు? నువ్వు తోలినట్టే ఉంటాది కదే. ఎవులు సూడొచ్చారు?"

అన్నయ్య వచ్చి బల్ల మీద పడి ఉన్న ఆమె చేతులు తీసి ఒళ్లో పెట్టాడు. ఆమె అతని మొహం చూసి, "సరే, పెట్టు," అంది. అతని కోసమే ఒప్పుకుంది. పెట్టాను. కాలు పెడల్ మీద ఆనించింది. కారు బయలుదేరింది. మలుపు దగ్గర దానంతట అదే నెమ్మదించి, తిరిగి, మళ్లీ పరుగందుకుంది. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. చుట్టు మొత్తం తప్పులేకుండా పూర్తయింది. స్క్రీన్ మీద అభినందనలు వచ్చాయి. అన్నయ్య చప్పట్లు కొట్టాడు, పాపం.

వదిన అతనివైపు చూసింది. "నాను లేకపోయినా ఎల్తంది," అంది. "తీసీ మరిదీ."

తీసేశాను. అన్నయ్య పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

తర్వాతి సంవత్సరాల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బడి మానేసింది. కుర్చీ పోయి మంచం వచ్చింది. జబ్బుపడ్డవాళ్లు చివరిదాకా చిరునవ్వుతో ఉన్నారని రాస్తుంటారు. మా వదిన అలా లేదు. ముందు కోపంగా ఉండేది. ప్రార్థన చేయడానికి వచ్చిన సంఘం ఆడవాళ్లని ఒకసారి పంపించేసింది. తర్వాత ఆ కోపానికి కూడా శక్తి లేకపోయింది. అన్నయ్య సెలవులన్నీ అయిపోయాక షిఫ్టులు మార్చుకుంటూ ఆమెకి అన్నం తినిపించాడు, తర్వాత జావ పట్టాడు, తర్వాత గొట్టంతో పోశాడు.

మాట ఇంకా పూర్తిగా పోకముందు ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచింది. ఒక్కో మాటకీ ఆగుతూ అడిగింది. "మరిదీ, అన్ని బళ్లు సేసినోడు... నాలాటోళ్లకి ఒకటి... సెయ్యలేదేటి?"

పక్కన కూర్చున్న అమ్మ దేవుణ్ణి అడుగుతోందనుకుని మోకాళ్ల మీదకి జారి ప్రార్థన మొదలుపెట్టింది. వదిన ఎవరిని ఉద్దేశించి అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరిని అడిగినా జవాబు మాత్రం రాలేదు.

మాట పోయాక ఒకసారి, సంతోషపడుతుందేమోనని, ఆమె మంచం ఎదురుగా కంప్యూటర్ పెట్టి నేనే ఆడాను. ఆమె నడిపిన పద్ధతిలోనే, మెల్లగా. కాసేపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. నేను ఆట ఆపేసి తెర చీకటయ్యేదాకా ఆమె వాటిని తెరవలేదు. ఆ కళ్లు తప్ప ఆమె చేతిలో ఇంకేమీ లేదు. వాటితో వద్దని చెప్పింది. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నమే సమాధి. చర్చి వాళ్లు వ్యాన్ మాట్లాడారు. వెనక రెండు బల్లల మధ్య నేల మీద పెట్టె పెట్టాం. ఒక పక్క నేను, అన్నయ్య. రెండో పక్క మావయ్య. ఆయన టాక్సీ మానేసి చాలా కాలమైంది. చూపు కూడా బాగా తగ్గింది. డ్రైవరు తొందర మనిషి. మొదటి మలుపులో పెట్టె జారి అన్నయ్య కాలికి తగిలింది. మేమిద్దరం కంగారుగా పట్టుకున్నాం.

ఆ తర్వాత మేము పట్టుకోవలసిన అవసరం రాలేదు. మావయ్య వ్యాన్ గోడకి వీపు ఆనించి కూర్చున్నారు. ఆయనకి ముందు ఏముందో కనిపించదు. అయినా ప్రతి మలుపుకీ ముందే, వ్యాన్ ఇంకా తిన్నగా పోతుండగానే, ఆయన ముందుకి వంగి పెట్టె మీద అరచెయ్యి ఆనించేవారు. అప్పుడు మలుపు వచ్చేది. మేము ఊగేవాళ్లం, పెట్టె కదిలేది కాదు. తిన్నని రోడ్డు రాగానే చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకునేవారు.

"మేం పట్టుకుంటాం మావయ్యా," అన్నాడు అన్నయ్య. తర్వాతి మలుపుకి ఆయన చెయ్యి మళ్లీ ముందే వచ్చింది.

సమాధుల తోట గేటు ముందు వ్యాన్ ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపి, దిగి, వెనక తలుపు తెరిచాడు. బయట నిలబడ్డవాళ్లు పెట్టె అందుకోవడానికి చేతులు చాచారు. మావయ్య అరచెయ్యి అప్పటికీ దాని మీదే ఉంది.