మామగారి జీపుకి ముగ్గు పరీక్ష

మా మామగారు జీపు తాళంచెవి నా చేతిలో పెడుతూ ఒక్కటే షరతు పెట్టారు.

"దీని ఒంటిమీద రంపం పడకూడదు, వెల్డింగు పడకూడదు. పడిందా, బండి తిరిగి విద్యానగర్ వచ్చేస్తుంది అల్లుడూ."

మా ఆవిణ్ణి నాకిచ్చినప్పుడు కూడా ఆయన ఇన్ని జాగ్రత్తలు చెప్పలేదు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా కాలవ గట్ల మీద తను తిరిగిన జీపునే, శాఖ వేలం వేస్తే పాడుకుని తెచ్చుకున్నారాయన. మోకాళ్లు మొరాయించి క్లచ్చి తొక్కలేకపోయాక నాకిచ్చారు. తొంభైల మధ్యలో మాట.

జీపుకి కోత పెట్టనని మాటిచ్చాను. కోతలు కోయనని మాత్రం ఇవ్వలేదు. అశోక్‌నగర్‌లో మా సందు చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడి, మా జీపు వెళ్లలేని చోటు భూమ్మీద లేదని దొరికినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఆ చోటు నెల తిరక్కుండానే దొరికింది. నేను నారాయణగూడలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ పక్కనే మా మెకానిక్ షెడ్డు. మహబూబ్‌నగర్ వైపు మనిషి. "సీతాఫలాలు కావాల్నంటే మా ఊరికి పోదాం సార్, జీపున్నది గద" అన్నాడు. ముగ్గురం బయల్దేరాం, మా ఆవిడతో సహా. ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా, ఎడ్లబండ్ల బాట మధ్యలో మిగిలిన గట్టు మీద జీపు కూర్చుండిపోయింది. వెనక ఇరుసుకుండే ఇనుప గుండు గట్టుకి ఆనుకుంది. చక్రాలు తిరుగుతున్నాయి, మేం మాత్రం అక్కడే ఉన్నాం. చివరికి ఒక జత ఎడ్లు వచ్చి లాగాయి. అందులో ఒక ఎద్దు నావైపు చూసిన చూపు మా ప్రిన్సిపాలు కూడా ఏనాడూ చూడలేదు.

తిరిగొస్తూనే తీర్మానించుకున్నాను: పెద్ద టైర్లు వేయించాలి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద టైర్ల కొట్లో మా రిమ్ముకి సరిపడేవే రెండు సైజులున్నాయి. ఒకటి పాతదానికంటే రెండంగుళాలు ఎత్తు. రెండోది నాలుగంగుళాలు ఎత్తు, వెడల్పూ ఎక్కువే, మట్టిని కరవడానికి పుట్టినట్టు ఇంతింత పళ్లు. దాన్ని చూడగానే నా గుండె గేరు మారింది. మా ఆవిడ కుట్టు టేపు తీసుకుని, క్లాసులో సంధులు చెప్పేవాణ్ణి కాస్తా జీపు కింద దూరి సందులు కొలిచాను. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కావలసినంత ఉంది! ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు షెడ్డుకెళ్లి చెప్పాను. మెకానిక్ పానా కింద పెట్టి అడిగాడు.

"ఖాళీ బండికి కొలిచినవా సార్?"

"ఆ."

"చక్రాలు సీదా పెట్టి?"

"ఆ."

"గట్లయితే నీ జీపు మనుషులు లేకుంట, మలుపులు లేకుంట నడవాలె."

అతను వదల్లేదు. "మా ఊరి బాట మీద గుండు ఎంత లోతు గీసింది?"

"బొటనవేలు మందం."

"టైరు రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక అంగుళం లేస్తది. నీకు గంతే కావాలె. గా రాక్షసి టైరెందుకు?"

ఎందుకో నాకు తెలుసు, చెప్పడానికే మొహమాటం. ఇస్త్రీ బండి దగ్గర అప్పటికే రాక్షసి టైరు గురించి చెప్పేశాను.

"సరే, కొట్టాయన నాకు ఎర్కే. ఒక్క టైరు అడిగి తెస్త. ముందు చక్రానికి ఎక్కిచ్చి చూద్దాం. రాసుకోకుంటే నాలుగు కొను" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మా గుమ్మం ముందు పరీక్ష మొదలైంది. మెకానిక్ టైరు బిగించి, మా ఆవిణ్ణి ముగ్గుపిండి అడిగి, నీళ్లలో కలిపి, మడ్‌గార్డు లోపలా, కింద బండి బరువు మోసే ఇనుప పట్టీల కమాను పొడుగునా పూశాడు. టైరు ఎక్కడ తగిలితే అక్కడి ముగ్గు టైరుకి అంటుతుందన్నమాట. తర్వాత ఆ చక్రాన్ని మా బట్టలుతికే బండ మీదికి ఎక్కించాడు. "ఇగ మనుషుల్ని ఎక్కియ్యి సార్. బరువుండాలె."

పై వాటాలో ఉండే ఇంటి ఓనరు దంపతుల్ని పిలిచాను. ఇద్దరూ మంచి బరువైన మనుషులు, మాటలో కూడా. ఓనరుగారి భార్య పట్టుచీర కట్టుకుని దిగింది.

"ఎక్కడికి బాబూ ప్రయాణం?"

"ఎక్కడికీ లేదండీ. ఊరికే కూర్చుంటే చాలు."

ఆవిడ ఆయన మొహం చూసింది. ఆయన నా మొహం చూశాడు. పాపం, ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే ఆటో దిగారు మా మామగారు. ముగ్గు పూసిన జీపుని చూసి, "ఏమిటోయ్ ఇది, దీనికి సీమంతమా?" అన్నారు. సంగతి చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "బరువు కావాలా? నేనూ కూర్చుంటాను పద" అని ముందు సీటు ఎక్కేశారు.

స్టీరింగు ఒక చివరికంటా తిప్పాను. కర్ర్‌ర్‌మంది. రెండో చివరికి తిప్పాను. అటూ కర్ర్‌ర్. మెకానిక్ టైరు చూపించాడు. పైన ఒక తెల్లటి గీత, పక్కన ఇంకోటి. ఇన్నాళ్లూ పాఠాలకి నోట్సు నేనొక్కణ్ణే రాసుకుంటున్నాననుకున్నాను, నా టైరూ రాసుకుంటోంది.

"మడ్‌గార్డు అంచు జర కోస్తే పడతది సార్" అన్నాడు మెకానిక్, నా మొహం చూళ్లేక.

"ఎంత కోయాలి?" ఆ మాట నా నోటినుంచే వచ్చింది. "అరంగుళం చాలా?"

మామగారు మెల్లగా జీపు దిగి, నా ముందు నిలబడి, అరచెయ్యి చాచారు. తాళంచెవి కోసం.

ఇస్త్రీ బండీ గుర్తొచ్చింది, ఎద్దూ గుర్తొచ్చింది. "చిన్న టైరు తెప్పిద్దాం" అన్నాను. చెయ్యి వెనక్కి వెళ్లింది.

చిన్న టైరు రిక్షాలో వచ్చింది. మళ్లీ ముగ్గు, మళ్లీ బండ, మళ్లీ పట్టుచీర. ఈసారి మడ్‌గార్డు జోలికి పోలేదు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం కమాను దగ్గర ఒక చిన్న చుక్క అంటింది. మెకానిక్ ఇరుసు చివర, చక్రం అంతకుమించి తిరక్కుండా ఆపే బోల్టుని కొద్దిగా బయటికి తిప్పాడు. చుక్క కూడా పోయింది. మామగారు వంగి చూసి తీర్పు చెప్పారు: "ఇది తిప్పడమే, కోయడం కాదు. పాస్!"

మా ఇంట్లో చక్రం తిప్పేది ఎలాగూ మా ఆవిడే. ఇప్పుడు నా స్టీరింగు కూడా కొంచెం తక్కువ తిరుగుతుంది. మా సందు మలుపులో ఒకసారి రివర్సు కొట్టక తప్పేది కాదు. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి మరీ చూసేవాడు. "రాక్షసి టైరన్నావ్, పిల్ల రాక్షసొచ్చిందా సార్?"

నాలుగు చక్రాలకీ ఆ చిన్న టైర్లే వేయించి, ఆ మరుసటి ఆదివారమే మళ్లీ సీతాఫలాల ఊరికి. ఈసారి మా ముగ్గురితో మామగారూ వచ్చారు. గట్టు దగ్గర ఆపమని దిగారు. వద్దు వద్దంటున్నా వినకుండా, తెల్ల పంచెతో, ఆ మోకాళ్లతో, బాట పక్క మట్టిలో బోర్లా పడుకుని జీపు కిందికి చూస్తూ అరిచారు.

"రా... రా... ఇంకా రా... పోయింది! పోయిందోయ్! వేలు పట్టేంత సందుంది!"

నేను గట్టు దాటి జీపు ఆపి, ఎగిరి దూకి, మెకానిక్‌ని కావలించుకున్నాను. వెనక్కి తిరిగేసరికి మామగారు పంచె నిండా మట్టితో నా ముందున్నారు. మళ్లీ అరచెయ్యి చాచి.

ఒకడుగు వెనక్కి వేశాను. "ఏం కోయలేదు మామయ్యగారూ!"

"తెలుసులేవోయ్. ఇటివ్వు, ఒక్కసారి నేను దాటిస్తాను."

తాళంచెవి ఇచ్చాను. క్లచ్చి తొక్కుతున్నప్పుడు మొహం కొంచెం చిట్లించారు. ఆ గట్టుని ఆయన ఆరుసార్లు దాటించారు.